జాకీ ఎత్తేదానికి, రాయి మోసేదానికి

మొన్నొక రోజు మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. మోటారు సైకిలును ఇంటి దగ్గరే పైకెత్తుకునే జాకీ ఒకటి తెప్పించుకోవాలనుకుంటున్నానని, ధర చవకే గాని కొన్నవాళ్ళు రాసిన మాటలు తలా ఒక తీరుగా ఉన్నాయని, ఒకాయన చుక్కలన్నీ ఇచ్చి బ్రహ్మాండమంటే ఇంకొకాయన ఒక్క చుక్క విదిలించి బండి పక్కకు ఒరిగిపోయిందని తిట్టిపోశాడని చదివి వినిపించింది. మదనపల్లెలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పే మనిషే అయినా తన బండి చైనుకు నూనె తనే పెట్టుకుంటుంది, బురద పడితే చక్రం తనే కడుక్కుంటుంది, ఆ విషయంలో మాత్రం అచ్చం నా పోలిక. చదవడం అయ్యాక, "ఇంత చవకది నమ్మొచ్చునా అవ్వా?" అని అడిగింది.

ఏదో మాటవరసకు అడిగింది లెండి. ముసలిదాన్ని కూడా మాటల్లో కలుపుకుందామని పిల్లలు అడుగుతారే, అట్లా. ఈ వీధి మొత్తం మీద ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పగలిగిన ముసలిది నేనొక్కతెనేనని దానికి తెలియదు. చవక జాకీని నమ్మొచ్చునా లేదా అన్నదాని మీద ఒకప్పుడు మా ఆయన ఉద్యోగం, మా కాపురం ఎక్కడ ఉండాలన్న సంగతి, ఆయన ముఖంలో నవ్వు, అన్నీ ఆధారపడి ఉండేవి. మోటారు సైకిలు ఉన్న ఇంటిని 'ఆ బండి ఉండే ఇల్లు' అని ఊరంతా గుర్తుపెట్టుకున్న కాలం చూసిన నా ఈడు వాళ్ళకు నేను చెప్పేది వింతగా అనిపించదు.

నేను కుప్పం పిల్లను. డెబ్బైల మొదట్లో పుంగనూరుకు కోడలిగా వచ్చాను. మా కుప్పం మాటలో అరవం కొంత, కన్నడం కొంత కలిసిపోయి ఉంటాయి గనక నేను నోరు తెరిస్తే మా అత్త ముందు నవ్వి, ఆ తర్వాత జవాబు చెప్పేది. మా ఆయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. పల్లెల్లో మాత్రం ఆయన్ని గొర్రెల డాక్టరు అనే పిలిచేవాళ్ళు, ఈయన కూడా కాదని దిద్దిన పాపాన పోలేదు. సదుం వైపు ఆవులు, తంబళ్లపల్లె మెరకల్లో గొర్రెలు, అటు పెద్దతిప్పసముద్రం దాకా ఎవరు పిలిస్తే అక్కడికి, ఐసు వేసిన ఫ్లాస్కులో టీకా మందు పెట్టుకుని, ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి విసుగెత్తి అమ్ముకున్న పాత మోటారు సైకిలు మీద తిరిగేవారు. ఆ బండి బరువు ఇప్పటి బండ్లు చూసినవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. సాయంత్రం ఊరి చివర దాని చప్పుడు వినగానే మా అత్త సంగటికి ఎసరు పెట్టేది. ఎసరు కాగేలోపల బండి వాకిట్లో ఉండేది.

ఆ మెరక దారుల్లో తుమ్మముల్లు గుచ్చుకోకుండా ఇల్లు చేరిన రోజంటే మాకు పండగ రోజు కిందే లెక్క. రాగానే చక్రం ఊడదియ్యాలి, ట్యూబు బయటికి లాగాలి, బక్కెట్లో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూడాలి, వీటన్నిటికంటే ముందు బండిని పైకెత్తాలి. ఆ రోజుల్లో జాకీ అంటే లారీలకు, బస్సులకు. మోటారు సైకిలుకు జాకీ పెట్టడం మేమెవరమూ చూళ్ళేదు. కొందరు పీట మీదికి ఎక్కించేవాళ్ళు, కొందరు గడ్డపారతో లేపి కింద రాయి దోపేవాళ్ళు, శెనక్కాయల మూట మీద బండిని పడుకోబెట్టి చక్రం విప్పిన మహానుభావుణ్ణి కూడా నేను చూశాను. మా ఇంట్లో నడిమి స్టాండు మీదికి లాగడానికి వెనక మా మామగారు, పక్కన మా ఆయన, ముందు హ్యాండిలు పట్టుకుని నేను, పొగరుబోతు కోడెను గాటికి కట్టేసినట్టు ముగ్గురం కలిస్తే గాని అది ఎక్కేది కాదు. ఎక్కాక మా మామగారు ఆయాసపడుతూ అరుగు మీద కూలబడి, ఈ బండికంటే ఎద్దు నయం, అది పిలిస్తే లేస్తుంది, అనేవారు.

ఇట్లా సాగుతుండగా ఒక వానాకాలం పెద్దతిప్పసముద్రం దారిలో మా ఆయన పడ్డారు. ఒక గొర్రెపిల్ల తల్లిని వదిలేసి అడ్డం పరుగెత్తితే దాన్ని తప్పించబోయి వానకు కోసుకుపోయిన గండిలోకి పోయారు. గొర్రెపిల్లకేమీ కాలేదని ముందు అదే చెప్పారు ఇంటికి తీసుకొచ్చినప్పుడు. బండికి నడిమి స్టాండు ముక్కలైంది, ఈయనకు కుడి భుజం విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చాం. ఎముక అతుక్కుంది గాని చేయి రొమ్ము ఎత్తు దాటి లేవకుండా పోయింది. బండి మీద కూర్చుంటే నడపగలరు, దాన్ని లాగడం, ఎత్తడం, తొయ్యడం మాత్రం చేతకాదు. తల కూడా నేనే దువ్వేదాన్ని. పాపిడి వంకరగా తీశానని రోజూ అద్దంలో చూసుకుని నవ్వేవారు. పెళ్ళయి అన్నేళ్ళయినా ఆయన తల మీద అంతసేపు చెయ్యి పెట్టింది ఆ రోజుల్లోనే, ఆ మాట చెప్పుకోవడానికి ఈ వయసులో నాకు సిగ్గేమీ లేదు.

మదనపల్లె నుంచి పై అధికారి వచ్చి చూశాడు. మంచివాడే. ఈ చేత్తో పల్లెలు తిరగడం కష్టం, కుప్పంలో మందుల స్టోరులో కూర్చునే పని ఒకటి ఖాళీగా ఉంది, దసరా దాటేదాకా చూద్దాం, బండి సొంతంగా చూసుకోలేకపోతే అక్కడికి మార్పించేస్తాను, నీ మంచికే, అని చెప్పి వెళ్ళాడు. అందరూ నా ముఖం వంక చూశారు, పుట్టిల్లు కదా మరి. మా అమ్మ అయితే కబురు తెలిసిన రోజే వెనక గది సున్నం కొట్టించి, కోడళ్ళకు చెప్పి మంచం కూడా వేయించిందట. ఉన్నమాట చెప్పాలి, ఒక సాయంత్రమంతా నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

మర్నాటి నుంచి ఆయన మాట్లాడటం తగ్గించేశారు. అంతకుముందు ఇంటికి రాగానే ఏ పల్లెలో ఏ గొర్రె ఈనింది, ఏ ముసలాయన టీకా వేయించనని మందను కొండెక్కించాడు, ఎవరింట్లో పుల్లగూర పెట్టారు, అన్నీ చెప్పేదాకా ఆయనకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని బండిని చూస్తూ ఉండిపోయేవారు. ఎవరైనా కాపరి దారిన పోతూ పలకరిస్తే గొర్రె పళ్ళు చూసినంతసేపు ముఖం వెలిగేది, అతను వెళ్ళగానే మళ్ళీ మామూలే. కుప్పం సంగతి నేనెత్తితే, సరే, నీకిష్టమైతే సరే, అనేవారు. ఆ సరే విన్నకొద్దీ నాకు కుప్పం మీద మోజు తగ్గిపోయింది. పుట్టింట్లో మంచం వేసుకుని ఈ మూగమనిషిని పక్కన పెట్టుకుని ఏం చేసుకోను అనిపించింది.

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు కదా అంటారేమో. గాలిపోయిన ఆ బరువును ఒంటిచేత్తో షాపు దాకా తోసేదెవరు? దారిలో ఆగిపోతే కాపరులు చెయ్యి వేసేవాళ్ళు, ఇంటి దగ్గర మాత్రం ఎత్తడానికి మనిషి లేడు. మా మామగారికి ఆయాసం ముదిరింది. ఎత్తే ఉపాయం ఒక్కటి దొరికితే విప్పడం, బిగించడం నేను చేస్తానని ఒకరోజు అన్నాను. చూసి చూసి నాకు ఆ పని వచ్చేసింది కూడా. మా ఆయన నవ్వారు, చాలా రోజుల తర్వాత నవ్వారు గనక అది వేళాకోళమైనా నాకు బాగుంది.

ఆ ఉపాయం చేసిపెట్టింది వెల్డింగు మామ. బస్టాండు దగ్గర వెల్డింగు షాపు ఆయనది. మా అత్తను చిన్నప్పటి నుంచీ అక్కా అని పిలిచే సాయిబు. అందుకే మా ఆయనకు మామ, నాకూ మామే. లారీలకు పెట్టే మరజాకీ ఒకటి, మర పైభాగం అరిగి మూలన పడి ఉన్నదాన్ని అరిగినంత మేర కోసేసి, మా బండి విరిగిన స్టాండు ఇనుమునే కాళ్ళుగా అతికించి, నెత్తిన లారీ టైరు రబ్బరు మందంగా కోసి బిగించాడు. తిప్పుతూ ఉంటే పొట్టివాడు పీట మీద లేచి నిలబడినట్టు మెల్లగా పైకి లేచేది. దానికంటూ ఆయన తీసుకుంది కూడా ఏమంత లేదు, ఇనుము మీదే కదా అనేశాడు. వీధిలో వాళ్ళు మాత్రం పాత ఇనుముతో చేసింది, చవకది, ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో అని చెవులు కొరుక్కున్నారు. మామ వినీ విననట్టు ఊరుకుని, నన్ను పిలిచి దాని పక్కన కూర్చోబెట్టి చెప్పిన మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"సూడు బిడ్డా. జాకీ ఎత్తేదానికి, రాయి మోసేదానికి. ఎత్తినాక కింద రాయి పెట్టు. పెట్టినాక బండిని కదిపి సూడు. కదల్లేదంటేనే చెయ్యి లోపలికి పెట్టు. ఇదే కాదు, కంపెనీ జాకీ తెచ్చినా సరే, దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు."

రాయి మా అత్త ఇచ్చింది. ఊళ్ళోకి పిండి మర వచ్చాక రాగులు విసిరే తిరగలి పనిలేక పెరట్లో ఉండేది. ఆ రెండు రాళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టి పైన చెక్క వేస్తే బండి కడుపు కింద సరిగ్గా ఆనుకునేది. రాళ్ళు ఇచ్చింది గాని, కోడలు వాకిట్లో కొంగు బిగించి స్పానరు పట్టుకు కూర్చోవడం మా అత్తకు మొదట్లో మింగుడుపడలేదు. వీధిలోవాళ్ళు చూడకుండా బట్టలారేసే తాడు మీద పాత దుప్పటి ఒకటి అడ్డం కట్టేది. నాకేమో వెలుతురు చాలక నట్లు దొరికేవి కావు. నేను తడుముకోవడం రెండు మూడు సార్లు చూసి, ఒకరోజు తనే విసుక్కుని దుప్పటి లాగేసి, సూసేవాళ్ళ కళ్ళేమన్నా బండి మోస్తాయా అనేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి వీధి మొత్తం నా గిరాకీయే. ఆడవాళ్ళు నీళ్ళకు పోతూ ఆగి, మా మొగుడి సైకిలు కూడా కాస్త సూడరాదా అని ఆట పట్టించేవాళ్ళు.

పనిలో మా ఆయనకు ఒకటే వాటా. నేను మర తిప్పి, రాళ్ళు చేర్చి, చెక్క సర్ది పక్కకు జరిగితే, ఆయన అరుగు దిగి వచ్చి ఎడమ చేత్తో సీటు పట్టుకుని బండిని అటూ ఇటూ గట్టిగా కదిపి చూసేవారు. అప్పుడు, "కదల్లేదు, ఇంగ చెయ్యి పెట్టు" అనేవారు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేదాకా నన్ను చక్రం ముట్టనిచ్చేవారు కాదు. నేను కదిపి చూశానన్నా ఒప్పుకునేవారు కాదు, ఎందుకంటే చెయ్యి పెట్టేది నువ్వు కదా అనేవారు. ఆ కాసేపు పక్కపక్కన ఉండేవాళ్ళం, నేను కింద, ఆయన పైన. ఒక్కొక్క మాటే మళ్ళీ రావడం మొదలైంది గాని, కుప్పం పని ఇంకా మెడ మీద వేలాడుతూనే ఉండేది. ఇంట్లో చక్రం విప్పినంత మాత్రాన సరిపోదు, పల్లెకు వెళ్ళి పని చేసి రాగలడని తేలాలి కదా.

అట్లా ఉండగా దసరా వచ్చింది. ఆయుధ పూజ మన వైపు ఎట్లా చేస్తారో మీకు నేను చెప్పాలా? కత్తిపీట దగ్గర నుంచి కొడవలి దాకా, రోలు, రోకలి, చేట, మా ఆయన సిరంజిల పెట్టె, అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి, బొరుగులు, బెల్లం, గుగ్గిళ్ళు ముందుంచి దండం పెట్టుకోవడం. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టుకోకూడదు. బండి చక్రాలు రెంటికీ పూల దండ చుట్టాలంటే వెనక చక్రం తిరగాలి గనక, దాన్ని ముందుగానే జాకీ మీదికి ఎత్తి ఉంచమంది మా అత్త. ఎత్తాను. రాళ్ళకోసం చూస్తే అవి లేవు. తిరగలి కూడా పనిముట్టే కదా, ఇన్నాళ్ళు రాగులు విసిరింది, ఇప్పుడు బండిని మోస్తున్నది, దానికి పూజ లేకుంటే ఎట్లా అని మా అత్త దాన్ని తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టి బొట్లు పెట్టేసింది. పూజలో ఉన్నదాన్ని కదిలించకూడదు, కాసేపే కదా అనుకున్నాం అందరం.

అసలు తమాషా వేరే ఉంది. మా మామగారు ఆయాసంతో పడకేశాక, జాకీ పుణ్యాన ఆయనకు బండెత్తే బాధ తప్పింది గనక, మా అత్తకు ఆ జాకీ అంటే లోపల ఎంత అభిమానం పుట్టిందో మాకెవరికీ తెలియదు. తెల్లవారకముందే లేచి, పెద్దవాళ్ళకు తలంటినట్టు దానికి అడుగు నుంచి నెత్తి దాకా నువ్వుల నూనె పట్టించి, పసుపు మెత్తి, కుంకుమ బొట్టు పెట్టింది. ఆ నెత్తిన ఉన్న రబ్బరుకు అయితే మరీ ప్రేమగా నాలుగు చుక్కలు ఎక్కువే వేసింది. నేను బండిని దాని మీద నిలబెట్టినప్పుడు పసుపే చూశాను గాని నూనె చూళ్ళేదు.

హారతి అయింది. నేను కుంకుమ భరిణె పట్టుకుని వెనక చక్రం దగ్గర వంగాను. ఏదో జారిన చప్పుడైంది, బండి నా మీదికి వాలడం కనబడింది, ఎవరో నా రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగారు. నేను అరుగు దగ్గర పడ్డాను, బండి నేను కూర్చున్న చోట పడింది. లేచి చూస్తే నన్ను లాగింది మా ఆయన, లాగింది ఆ కుడి చేత్తో. ఎడమ చేతిలో హారతి పళ్ళెం ఇంకా అట్లాగే ఉంది. తల దువ్వుకోవడానికి లేవని చెయ్యి ఎట్లా లేచిందో ఆయనకూ తెలియదు. ముఖమంతా చెమట పట్టి, పళ్ళు బిగించి, నీకేం కాలేదు కదా, నీకేం కాలేదు కదా అని అదే మాట. చెయ్యేమీ బాగుపడిపోలేదు, ఆ నొప్పికి వారం రోజులు కాపడం పెట్టాను. అయినా ఆ రోజు నుంచి నాకు మా ఆయన మీద ఉన్నది మామూలు ఇష్టం కాదు.

వాకిట్లో జనం పోగయ్యారు. చెప్పలేదా, పాత ఇనుము, చవక సరుకు, పండగ పూట ప్రాణం పోవాల్సింది అని తలా ఒక మాట. సరిగ్గా ఆ సమయానికి తంబళ్లపల్లె దిక్కు నుంచి ఒక గొర్రెల కాపరి బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పండగ పంచె కూడా కట్టుకోలేదు, తలగుడ్డ చేతిలోనే ఉంది.

"అప్పా, మంద పోతాండాది అప్పా. మేసింది మేసినట్లే పడిపోతాండాయి. నువ్వు రాకుంటే ఇంగ నాకేం మిగల్దు."

చిటుకు రోగం. కొత్త పచ్చిక మేసిన మందలో పడితే చిటికె వేసేంతలో గొర్రె పోతుంది, ఆలస్యం చేస్తే మంద మొత్తం పోతుంది. మిగిలినవాటికి వెంటనే టీకా వెయ్యాలి. పండగ రోజు, వచ్చిన బస్సు వెళ్ళిపోయింది, మళ్ళీ బస్సు సాయంత్రానికి. దిగాక కూడా కొండదారిన చాలా దూరం నడవాలి, అప్పటికి ఫ్లాస్కులో ఐసు ఉండదు. బండి చూస్తే పక్కకు పడి ఉంది, చైను ఊడి పళ్ళచక్రానికి పక్కన ఇరుక్కుపోయింది. షాపులన్నీ పూజకు మూసేశారు. చక్రం వదులు చేసి చైను ఎక్కించాలంటే బండిని ఎత్తాలి, ఎత్తాలంటే ఇప్పుడే పడేసిన ఆ జాకీ తప్ప వేరే దిక్కు లేదు. మా ఆయన కాపరి ముఖం వంక చూశారు, బండి వంక చూశారు. కుప్పం మందుల స్టోరు ఆ క్షణాన మా వాకిట్లోనే నిలబడి ఉన్నట్టనిపించింది నాకు.

ఎవరు చెప్పారో, వెల్డింగు మామ లుంగీ ఎగ్గట్టుకుని వచ్చేశాడు. జనం దారిచ్చారు, కాస్త వేళాకోళంగానే. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా జాకీని లేవదీసి, కాళ్ళు చూశాడు, అతుకులు చూశాడు, మర తిప్పి చూశాడు. తర్వాత నెత్తిన రబ్బరు మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తలెత్తి మా అత్త వంక చూశాడు. ఆయనకు నవ్వు ఆగలేదు.

"అరే, నువ్వుల నూనె! అక్కా, నెత్తికి నూనంటితే ఇది యాడ నిలబడతాదక్కా? దండం పెట్టు చాలు, నూనె నక్కో, వద్దే వద్దు!"

రాళ్ళేవని అడిగాడు నన్ను. పూజలో ఉన్నాయన్నాను. జాకీకి తలంటి, రాళ్ళను దేవుడి దగ్గర కూర్చోబెడితే పాపం బండి ఎవరిని పట్టుకోవాలి అని మళ్ళీ నవ్వాడు. ఈసారి వీధి కూడా నవ్వింది. మా అత్త మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్ళి పొయ్యిలో బూడిద, చింతపండు, కొబ్బరిపీచు తెచ్చి, కూరసట్టి తోమినట్టు ఆ రబ్బరును తోమి, నీళ్ళు పోసి, కొత్త చీర కొంగుతో తుడిచింది. తర్వాత పూజ గదిలోకి వెళ్ళి కుంకుమ బొట్లతోనే తిరగలి రాళ్ళు ఒక్కొక్కటే మోసుకొచ్చి పెట్టింది. చివరగా పూల కింద నుంచి స్పానరు తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. మడి, ఆచారం అంటే ప్రాణమిచ్చే మనిషి ఆమె. పూజలోది ముట్టొచ్చునా అత్తా అన్నాను.

"పని ఆపేది పూజ యాడైతాదమ్మా? మూగజీవాలు సస్తాండాయంట. కానియ్యి."

వెల్డింగు మామ మాత్రం చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. సాయం పట్టు మామా అంటే తల అడ్డంగా ఊపాడు. "నేను ముట్టను బిడ్డా. నేను పట్టుకుంటే జాకీ నిలిచిందని ఎవురూ అనరు, సాయిబు పట్టుకున్యాడంటారు" అన్నాడు. కాపరి ఒక్కడు తలగుడ్డ చుట్టుకుని వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. నేను మర తిప్పాను. బండి మెల్లగా లేచింది. రాళ్ళు చేర్చాను, చెక్క పెట్టాను, పక్కకు జరిగాను. మా ఆయన వచ్చి ఎడమ చేత్తో సీటు పట్టుకుని కదిపారు. ఎప్పటికంటే గట్టిగా, చాలాసేపు కదిపారు. వీధంతా ఆయన చెయ్యి వంకే చూసింది.

"కదల్లేదు, ఇంగ చెయ్యి పెట్టు."

పెట్టాను. నట్లు వదులు చేశాను, చక్రం ముందుకు జరిపాను, ఇరుక్కున్న చైనును లాగి పళ్ళ మీదికి ఎక్కించాను, మళ్ళీ బిగించాను. పసుపు, గ్రీజు, కుంకుమ కలిసి నా చేతులు ఏ రంగుకు వచ్చాయో దేవుడికే తెలియాలి. జాకీ ఇసుమంతైనా కదల్లేదు. దించాక కాపరి వెనక ఎక్కి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకున్నాడు, బండి వీధి మలుపు తిరిగింది. మా అత్త బూడిద గుమ్మడికాయ తెచ్చి వాళ్ళు వెళ్ళిన దారిలో పగలగొట్టింది, దిష్టి తియ్యడం ఆలస్యమైనా పరవాలేదని.

మర్నాడు మధ్యాహ్నానికి వచ్చారు, దుమ్ముకొట్టుకుని, నిద్ర లేని కళ్ళతో. కొన్ని పోయాయట, మంద నిలబడిందట. కాళ్ళు కూడా కడుక్కోకుండా పీట మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. ఏ గొర్రె ఎట్లా తప్పించుకుని పరుగెత్తింది, కాపరి తల్లి ఎట్లా ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి పిలిచి తెచ్చింది, పండగకు చేసిన ఓళిగలు టీకాలయ్యాక తెల్లవారుజామున ఎట్లా తిన్నారు, అన్నీ. సంగటి చల్లారిపోయింది. నేను గుర్తుచెయ్యలేదు. ఆ మాటల కోసం నేను ఎన్ని రోజులు కాచుకున్నానో నాకే తెలుసు. తర్వాత పై అధికారి వచ్చినప్పుడు ఆ కాపరే ముందు నిలబడి సంగతంతా చెప్పాడు. అధికారి జాకీని చూపించమన్నాడు, చూసి, దీనికి పూజ చేశారా అని అడిగితే మా అత్త తలుపు చాటున నుంచే, దండం మాత్రమే పెడతామని చెప్పింది. కుప్పం స్టోరుకు వేరే ఎవరినో వేశారు. సున్నం కొట్టించిన గది అట్లాగే ఉండిపోయిందని మా అమ్మ చాలాకాలం అలిగింది. ఇనుప ముక్క కోసం కన్నతల్లిని వదులుకున్నావని చివరిదాకా దెప్పుతూనే ఉండేది, నేను నవ్వుతూ పడేదాన్ని.

ఎనభైలు గడుస్తుండగా మదనపల్లెకు వచ్చేశాం. చేతికి అందే బరువు గల బండ్లు వచ్చాయి, చిన్నపిల్ల కూడా స్టాండు వెయ్యగలిగేట్టు. జాకీతో పని తగ్గింది. అది చివరికి ఏమైందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు, ఎవరైనా అడిగితే ఇచ్చామో, ఇల్లు మారేటప్పుడు మరిచామో. పనిచేసినంతకాలం ఒక్కసారి కూడా జారలేదు, తలంటిన రోజు తప్ప. దాన్ని చేసిన మామ పోయాడు, తలంటిన అత్త పోయింది, కదిపి చూసిన మనిషి కూడా నన్ను వదిలి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. తిరగలి రాళ్ళు మాత్రం ఇల్లు మారినప్పుడల్లా నాతోనే వచ్చాయి. బరువెందుకని పిల్లలు విసుక్కున్నా నేను విడిచిపెట్టలేదు.

నిన్న మనవరాలి జాకీ పెట్టెలో వచ్చింది. ఎర్ర రంగు, నిగనిగలాడుతూ బాగానే ఉంది. అది చేసినవాడెవడో, ఏ ఊరివాడో పిల్లకు తెలియదు, నాకూ తెలియదు. జారితే చుక్క తగ్గించి రాయొచ్చట. మా కాలంలో వస్తువు చేసినవాడి ఇల్లు మనకు తెలిసేది. తేడా వస్తే వాడు లుంగీ ఎగ్గట్టుకుని మన వాకిట్లోకి వచ్చి, వీధి ముందు నిలబడి, వేలు రాసి వాసన చూసేవాడు. చవకా ఖరీదా అన్నది తర్వాతి సంగతి. ఇప్పుడు వస్తువులు మంచివే వస్తున్నాయి, ఆ వచ్చి నిలబడే మనుషులే లేరు.

పిల్ల బండిని ఎత్తింది. కిందికి చెయ్యి పెట్టబోతుంటే ఆగమన్నాను. పెరటి గుమ్మం దగ్గరున్న తిరగలి రాళ్ళు తెప్పించి కింద పేర్పించాను, ఎందుకవ్వా అని గొణుక్కుంటూనే పెట్టింది. మళ్ళీ వంగబోయింది. మళ్ళీ ఆగమన్నాను. మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, సీటు మీద ఎడమ చెయ్యి వేశాను. అరుగు లేదు, ఆయన లేరు. ఆయన వాటా పని ఇన్నాళ్ళకు నాకు వచ్చింది. ఉన్న బలమంతా పెట్టి అటూ ఇటూ కదిపి చూశాను.

కదల్లేదు, ఇంగ చెయ్యి పెట్టు అన్నాను.